పాము కుబుసం ముక్కలుగా ఊడుతోంది... నూనె రాసి లాగేయవచ్చా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా తమ్ముడు మూడేళ్లుగా బాల్ పైథాన్‌ను గాజు పెట్టెలో పెంచుతున్నాడు. ఎప్పుడూ కుబుసం ఒకే తొడుగులా వచ్చేది. ఈ ఏప్రిల్‌లో మాత్రం ముక్కలు ముక్కలుగా ఊడింది. తోక చివర, కళ్ల మీద ఇంకా అలాగే ఉంది. ఒళ్లంతా ముడతలు కనిపిస్తున్నాయి. నానమ్మ కొబ్బరినూనె రాసి లాగేయమంటోంది, పాలు పట్టమంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు

సలహా: ముందు నానమ్మగారి సంగతి చూద్దాం. పాలు వద్దు. నాగులచవితికి పుట్టలో పోసే పాలు మన భక్తి, పాము ఆహారం కాదు. దాహంతో ఉన్న పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, కానీ పాలు దానికి అరగవు. నూనె కూడా వద్దు. దానికి దుమ్ము, పొట్టు అంటుకోవడం తప్ప ప్రయోజనం ఉండదు. ఇక లాగడమంటారా, అది అసలే వద్దు. కింద ఉన్న కొత్త చర్మం చిరిగితే పుండు పడుతుంది.

మీ పాముకు ఇది చర్మరోగం కాకపోవచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి నీటి కరువులా ఉంది. కుబుసం విడిచే ముందు పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ఒక ద్రవం ఊరుతుంది. ఆ రోజుల్లో కళ్లు నీలంగా, పాలు కలిపినట్టు మసకబారేది అందుకే. ఒంట్లో నీరు తగ్గినా, చుట్టూ గాలి మరీ పొడిగా ఉన్నా పొరలు సరిగ్గా విడిపోవు.

బాల్ పైథాన్ ఆఫ్రికా పాము. పగలంతా బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. మన చేలగట్ల మీది పుట్టలో చేయి పెట్టమనను గానీ, మే నెలలో కూడా లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. మీ గాజు పెట్టెలో లేనిది ఆ పుట్టే. పైన జాలీ మూత, లోపల హీట్ ల్యాంప్, కింద రంపపు పొట్టు, గదిలో ఏసీ ఉంటే పాలమూరు ఎండాకాలంలో తేమ ఎక్కడ నిలుస్తుంది?

గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని పెట్టెలో పెట్టండి. మామూలు రోజుల్లో తేమ 55-60 శాతం, కుబుసం సమయంలో 70 శాతం దాకా ఉండాలి. జాలీ మూతను కొంత కప్పి, గాలికి దారి వదలండి. రంపపు పొట్టు తీసేసి కొబ్బరి పొట్టు వేయండి. పాము దూరేంత రంధ్రం చేసిన ప్లాస్టిక్ డబ్బాలో తడిపి గట్టిగా పిండిన నాచు (మాస్) గానీ బట్ట గానీ పెట్టండి. అదే దానికి పుట్ట. అయితే పెట్టె అడుగంతా చిత్తడి చేయకండి, పొట్ట పొలుసులకు పొక్కులొస్తాయి. నీళ్ల గిన్నె పాము చుట్ట చుట్టుకుని కూర్చునేంత పెద్దదిగా ఉండాలి, నీళ్లు రోజూ మార్చాలి. వెచ్చని మూల 31-33 డిగ్రీలు, చల్లని మూల 25-27 చాలు. మధ్యాహ్నం గదే 35 దాటుతుంటే ల్యాంప్ ఆపేసి, పెట్టెను ఇంట్లో చల్లగా ఉండేచోటికి మార్చండి.

ఇప్పుడు అంటుకున్న పొర కోసం 28-30 డిగ్రీల నీళ్లు తీసుకోండి. మన చేతికి అవి గోరువెచ్చగా కూడా అనిపించవు. పాము ఒంటి మందంలో సగం మునిగేలా పోసి, 20 నిమిషాలు ఉంచండి. పక్కనే కూర్చోవాలి, వదిలేసి పోవద్దు. తర్వాత తడి తువ్వాలు మడతల్లోంచి దాన్నే పాకనివ్వండి. వంటింటి గిన్నెలు, సింకు మాత్రం వాడకండి. పాముల ఒంటి మీద విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, నానమ్మ ఉన్న ఇల్లు కదా. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

నన్నడిగితే కంటి కంటే తోకే తొందర. అక్కడ మిగిలిన పొర ఎండి ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడదు, కొస నల్లబడి రాలిపోతుంది. రెండు మూడు రోజులు నానబెట్టినా ఊడకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాముకు కనురెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసంతో పాటు దాని పైపొర కూడా ఊడాలి. ఊడలేదని పట్టకారు పెడితే కన్నే పోవచ్చు. చాలాసార్లు తర్వాతి కుబుసంతో అదే వచ్చేస్తుంది.

ముడతలు తగ్గకపోయినా, నోట్లో జిగురు సాగుతున్నా, మూత్రంతో వచ్చే తెల్లముద్ద పసుపు సుద్దలా గట్టిగా ఉన్నా, పొలుసుల మధ్య నల్లటి చుక్కల్లా పురుగులు కదులుతున్నా ఆగొద్దు. దగ్గర్లో పాములు చూసే డాక్టర్ లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో అడగండి. ఊడిన ముక్కల్ని పారేయకుండా కవర్లో తీసుకెళ్తే, కంటి పొరలు వాటిలో ఉన్నాయో లేదో డాక్టర్ చూస్తారు. బాల్ పైథాన్‌ను కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించడం తప్పనిసరి. ఆ కాగితం లేకపోతే ముందు మీ తమ్ముడితో ఆ పని చేయించండి.