అరగంట ఎందుకు, అయిదు నిమిషాలు చాలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ప్రాథమికోన్నత పాఠశాల. శనివారం మధ్యాహ్నం ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఫోన్‌లో అరగంట కర్ణాటక సంగీత కచేరీ వినిపిస్తున్నాను. పది నిమిషాలకే గుసగుసలు, గిల్లుకోవడాలు. ఎలా అలవాటు చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: వారానికి అరగంట కన్నా రోజూ ప్రార్థన కాగానే అయిదు నిమిషాలు మేలు. అన్నం తిన్నాక పెడితే సగం మంది కునుకు తీస్తారు. వారమంతా ఒకటే పాట వినిపించండి. ఆలాపన ఇప్పుడే వద్దు. మాటలూ తాళమూ లేకపోతే కొత్త చెవికి పట్టు దొరకదు.

ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టిన చిన్న పాటలివి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడాలు, దాదాపు ఉండవు కాబట్టి ‘శక్తి సహిత గణపతిం’ లాంటివి పిల్లలు ఇట్టే అందుకుంటారు. తర్వాత హంసధ్వని రాగంలో ‘వాతాపి గణపతిం’, ఆపై మోహన రాగంలో త్యాగరాజు ‘నను పాలింప’. రెండు రాగాల్లోనూ స, రి, గ, ప అవే. హంసధ్వనిలో ‘ని’ ఉంటే మోహనలో ‘ద’ ఉంటుంది, తేడా అంతే. వెంటవెంటనే వినిపించి, పాట రంగు మారిందా అని అడగండి. స్వరం పేరు చెప్పలేకపోయినా ఫర్వాలేదు. రెండూ ఒకే శ్రుతిలో (ఆధార ‘స’ ఒకే ఎత్తులో) ఉన్నవి ఎంచుకోండి, లేకుంటే పిల్లలు రాగాన్ని వదిలి శ్రుతి తేడానే పట్టుకుంటారు.

“ఇది గొప్ప సంగీతం, బుద్ధిగా వినండి” అంటే మాత్రం ఎవరూ వినరు. రోజుకో పని చెప్పండి. ఒకరోజు ఆదితాళం: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు (అరచేయి పైకి తిప్పడం), దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. బతుకమ్మ చప్పట్లు అలవాటున్న పిల్లలకు ఇది కష్టమేం కాదు. చిక్కల్లా ఎత్తుగడ దగ్గరే. కొన్ని కీర్తనలు దెబ్బ పడ్డాక గానీ మొదలుకావు. పాటతోపాటే దెబ్బ వేస్తే లెక్క తప్పుతుంది. అందుకే తాళం ముందు రెండు ఆవర్తాలు (ఎనిమిది లెక్క రెండుసార్లు) ఉత్తగా వేయించండి.

ఫోన్ స్పీకర్‌లో మృదంగం ఎడమవైపు మోత, తంబురా నాదం సరిగా వినిపించవు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను పిల్లల మధ్య స్టూలు మీద పెట్టండి. పాట ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పల్లవి మధ్యలో సబ్బు ప్రకటన వచ్చిందంటే ఆ రోజు తరగతి అయిపోయినట్టే.

ప్రశ్న: వీణ ఎలా పలుకుతుందో మా ఊళ్లో చూపడమెలా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూలు

జవాబు: వీణలాగే మెట్లున్న తీగల వాయిద్యం కిన్నెరతో మొదలుపెట్టండి. మెట్లంటే తీగ కింద వరుసగా ఉండే అడ్డుపట్టీలు. మీ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర వీడియో చూపి, వేలు మెట్టు మెట్టుకూ జరిగేకొద్దీ స్వరం ఎలా మారుతుందో గమనించమనండి. ఆ తర్వాత వీణ చూపండి. దానికి 24 మెట్లు, ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. మెట్టు మీదే తీగను పక్కకు లాగితే వచ్చేది గమకం. వాయించే వేళ్లు దగ్గరగా కనిపించే వీడియోనే వెతకండి.