బ్రోకర్ తెచ్చిన లాయరు మీ లాయరు కాదు

ప్రశ్న: మాది కరీంనగర్. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. హైదరాబాద్ నిజాంపేటలో పన్నెండేళ్ల పాత ఫ్లాట్ ఒకటి చూశాం. ఐదో అంతస్తు, ధర 58 లక్షలు. బ్రోకర్ 2 శాతం కమిషన్ అడుగుతున్నాడు. లాయరు, లోను, రిజిస్ట్రేషన్ అన్నీ తనే చూసుకుంటానంటున్నాడు. బ్యాంకు ఎలాగూ కాగితాలు చూస్తుంది కదా, విడిగా లాయరును పెట్టుకోవడం దండగ అంటున్నాడు. ఈ వారమే 2 లక్షలు టోకెన్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఫ్లాట్ బాగాలేదని కాదు. అది బాగుందో లేదో మీ తరఫున చూసినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఇల్లు కొనేటప్పుడు మన చుట్టూ చాలామంది తిరుగుతారు. ఒక్కొక్కరికి డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని చూస్తే ఎవరు ఎవరి మనిషో తెలిసిపోతుంది. బ్రోకర్‌కు బేరం కుదిరితేనే కమిషన్. 2 శాతమంటే 1,16,000. అమ్మేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నాడేమో మొహమాటపడకుండా అడగండి. తీసుకోవడం తప్పేం కాదు, కానీ మీకు తెలియాలి. అతను మంచివాడే కావచ్చు, అయినా బేరం చెడగొట్టే నిజాన్ని వెతికి చెప్పడం అతని పని కాదు. లోను ఇప్పించే ఏజెంటుకు కమిషన్ బ్యాంకు ఇస్తుంది. రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరి డాక్యుమెంట్ రైటర్ దస్తావేజు రాసిపెడతాడు, హక్కు ఎవరిదో తేల్చడు.

బ్యాంకు లాయరు విషయానికొస్తే, ఫీజు మీ దగ్గరే వసూలు చేస్తారు, రిపోర్టు మాత్రం బ్యాంకుకు వెళ్తుంది. చాలాసార్లు మీకు కాపీ కూడా ఇవ్వరు. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత. దాని వాల్యుయర్ చెప్పేదీ ఈ ఫ్లాట్ మీద ఎంత అప్పు ఇవ్వొచ్చన్నదానికే. మీరు 58 లక్షలు పెట్టొచ్చా అన్నది బ్యాంకు ప్రశ్న కాదు. అందులో మీ పొదుపు ఎంతుందో, పోతే మళ్లీ కూడబెట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో ఒకసారి లెక్కేసుకోండి.

మీ ఫ్లాట్ విషయంలో నాకున్న అసలు టెన్షన్ ఆ ఐదో అంతస్తు. నిజాంపేట 2019లో కార్పొరేషన్ అయింది, అంతకుముందు గ్రామపంచాయతీ. మీ భవనం పంచాయతీ కాలం నాటిది. ఆ రోజుల్లో అనుమతి కొన్ని అంతస్తులకే తీసుకుని, పైన ఇంకొన్ని వేసినవాళ్లు ఉన్నారు. అనుమతి ఎవరిచ్చారు, ఎన్ని అంతస్తులకు ఇచ్చారు, ప్లాన్‌లో మీ ఫ్లాట్ ఉందా అన్నది ముందు తేలాలి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టడం సక్రమమని కాదు.

బ్రోకర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టుల వివరాలుండే సర్టిఫికెట్) చూపించి ‘క్లియర్‌గా ఉంది’ అంటాడు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి. నోటరీ మీద రాసుకున్న అగ్రిమెంట్లు, అన్నదమ్ముల వాటాల తగాదాలు, కోర్టు కేసులు అందులో కనిపించకపోవచ్చు. పైగా ఫ్లాట్ నంబరు మీద తీసిన ఈసీ ఒక్కటే చాలదు. భవనం లేచిన స్థలం సర్వే నంబరు మీద కూడా తీయించి, లింకు డాక్యుమెంట్లతో, అంటే ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులతో, ఒక్కొక్కటీ సరిచూడాలి. ఈ పనికే మీకంటూ ఒక లాయరు కావాలి. బ్రోకర్‌కు పరిచయం లేని వ్యక్తిని మీరే వెతుక్కోండి. బేరం కుదిరినా కుదరకపోయినా ఫీజు ఇస్తానని ముందే చెప్పండి, ఒపీనియన్ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఖర్చు మామూలుగా బ్రోకర్ కమిషన్‌లో చిన్న భాగమే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) గురించి ఒక మాట. బిల్డర్ అమ్మే కొత్త ప్రాజెక్టుల్లో ఏజెంటుకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టు రిజిస్టర్ కాకపోతే అతను దాన్ని అమ్మిపెట్టకూడదు. అక్కడ రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు కూడా. మీది పాత ఫ్లాట్, ఒక యజమాని నుంచి కొంటున్నారు. ఈ రక్షణలు మీకు పెద్దగా పనికిరావు. బ్రోకర్ కార్డు మీద రెరా నంబరు ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

డబ్బు సర్దుకునేటప్పుడు ఇవి కూడా లెక్కలో పెట్టుకోండి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే 58 లక్షల మీద 4,35,000. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్, అంటే 58,000, అమ్మేవారికిచ్చే డబ్బులోంచి మినహాయించి మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు విదేశాల్లో ఉంటే రేటు చాలా ఎక్కువ, అప్పుడు సీఏను కలవకుండా డబ్బు పంపొద్దు.

ఈ వారం అమ్మేవారిని అడగాల్సింది కాగితాల జిరాక్సులు, పదిహేను రోజుల గడువు. టోకెన్ ఇవ్వనిదే ఆగలేమని వాళ్లంటే 2 లక్షలు కాదు, పాతిక వేలు ఇవ్వండి. అది కూడా చెక్కు రూపంలో, బ్రోకర్ పేరు మీద కాకుండా యజమాని పేరు మీద. లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోయినా, లోను మంజూరు కాకపోయినా మొత్తం వాపసు ఇస్తామని రశీదులో రాయించి, యజమాని చేత సంతకం పెట్టించుకోండి.