పాప ఐదో క్రోమోజోమ్‌లో లోపం... మేనరికమే కారణమా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా పాపకు రెండేళ్లు. పుట్టినప్పుడు బరువు తక్కువగా ఉంది, ఏడుపు పిల్లికూన అరుపులా సన్నగా వినిపించేది. ఇంకా నిలబడటం లేదు, మాటలు రాలేదు. పరీక్ష చేయించి, ఐదో క్రోమోజోమ్‌లో కొంత భాగం లేదని చెప్పారు. మాది మేనరికం. అందుకే ఇలా జరిగిందని ఇంట్లో నన్ను అంటున్నారు. పాప మాట్లాడుతుందా? రెండో బిడ్డకూ ఇలాగే అవుతుందా?
– ఓ సోదరి

సమాధానం: మీ పాపకు ఉన్న సమస్యను క్రి డు షా సిండ్రోమ్ అంటారు. దీన్ని 1963లో ఫ్రెంచ్ వైద్యుడు జెరోమ్ లెజ్యూన్ తొలిసారి వివరించారు. క్రోమోజోమ్ అంటే కణంలో జన్యువులుండే పోగు. దానికుండే రెండు భుజాల్లో ఒకటి పొట్టిది. ఐదో క్రోమోజోమ్ పొట్టి భుజంలో కొంత భాగం లోపించడమే ఈ సమస్యకు మూలం. మేనరికం వల్ల పెరిగేది, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డకు రెండు వైపుల నుంచీ సంక్రమించే వ్యాధుల ముప్పు. ఈ సమస్య ఆ కోవలోకి రాదు. నూటికి 80 మందికి పైగా పిల్లల్లో ఇది అండం లేదా వీర్యకణం తయారయ్యే దశలో కొత్తగా ఏర్పడుతుంది, అదీ ఎక్కువగా తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్‌లోనే. అలాగని ఆయన తప్పూ కాదు. గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదీ, చేసిన పనీ దీనికి కారణం కావు. దయచేసి ఈ జవాబును మీ ఇంటి పెద్దలకు చదివి వినిపించండి.

స్వరపేటిక నిర్మాణంలో తేడా వల్లే ఏడుపు అలా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ అది మారుతుంది. కండరాల్లో బిగువు తక్కువ కాబట్టి కూర్చోవడం, నడవడం ఆలస్యమవుతాయి. క్రమం తప్పని ఫిజియోథెరపీతో చాలామంది ఆలస్యంగానైనా నడుస్తారు.

ఇక మాటల సంగతి. ఈ పిల్లలు నోటితో చెప్పగలిగిన దానికంటే ఎక్కువే అర్థం చేసుకుంటారు. కొందరు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు, కొందరికి మాటలు రాకపోవచ్చు. మీ పాప విషయంలో మాటలు వస్తాయో రావో రెండేళ్ల వయసులోనే తేల్చేయడం సరికాదు. మాటలు వచ్చేదాకా ఎదురుచూడకుండా నీళ్లు, అన్నం, నొప్పి, అమ్మ వంటి వాటికి సైగలు, బొమ్మలు ఇప్పటినుంచే నేర్పండి. సైగలు అలవాటైతే మాటలు రావన్న భయం అక్కర్లేదు. తన మనసులోని మాట చెప్పే దారి దొరికితే పిల్లల మొండితనం, తమను తాము కొట్టుకోవడం కూడా తగ్గుతాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థలో ఈ శిక్షణ మొదలుపెట్టవచ్చు.

గుండెకు ఎకో, వినికిడి, కంటి పరీక్షలు ఇప్పటికీ చేయించకపోతే వెంటనే చేయించండి. తినిపించేటప్పుడు పొలమారుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంటుంది.

రెండో బిడ్డ గురించి ఆలోచించే ముందు మీ దంపతులిద్దరూ క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకృతి చూసే క్యారియోటైప్ రక్తపరీక్ష చేయించుకోవాలి. పంజాగుట్ట నిమ్స్‌లోని జన్యువైద్య విభాగాన్ని ఇందుకు సంప్రదించవచ్చు. ఇద్దరి ఫలితాలూ మామూలుగా ఉంటే మళ్లీ ఇలా జరిగే అవకాశం చాలా తక్కువ. ఒకరిలో క్రోమోజోమ్ ముక్కలు స్థానాలు మారి ఉంటే మాత్రం ముప్పు బాగా పెరుగుతుంది. అప్పుడు గర్భం 11–13 వారాల్లో మాయ నుంచి, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీటి నుంచి నమూనా తీసి పరీక్షించవచ్చు. కాబట్టి ఆ రిపోర్టులు వచ్చి, జన్యువైద్యులతో మాట్లాడేవరకు గర్భధారణను వాయిదా వేసుకోండి.