సిమెంటు పొగలోని కార్బన్ డయాక్సైడ్‌తో మిథనాల్: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కుదురుతుందా?

మీరు అడిగింది: మిర్యాలగూడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాం. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల పొగ లాంటి గ్యాసులోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి మిథనాల్ చేసి చూపించాలి. ఏ క్యాటలిస్టు, ఎంత వేడి, ఎక్కడ బెడిసికొడుతుంది?

మిథనాల్ పక్కన పెట్టి మీథేన్ చేయండి. మిథనాల్‌కి రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిసిన క్యాటలిస్టు (చర్యను వేగం చేసే పదార్థం), 220–270 డిగ్రీల సెల్సియస్ వేడి, 50–100 బార్ల ఒత్తిడి కావాలి. ఒత్తిడి లేకపోతే ఆ వేడి దగ్గర వచ్చేది ఎక్కువగా కార్బన్ మోనాక్సైడే. అంత ఒత్తిడిలో హైడ్రోజన్‌ని కాలేజీ ల్యాబులో నడపడం నేను ఒప్పుకోను. మీథేన్ మాత్రం నికెల్ మీద మామూలు గాలి ఒత్తిడిలోనే వస్తుంది. ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌కి నాలుగు పాళ్లు హైడ్రోజన్ పడుతుంది.

క్యాటలిస్టు మీరే చేసుకోవచ్చు. 4.95 గ్రాముల నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్‌లో 1 గ్రాము నికెల్ ఉంటుంది. 9 గ్రాముల గామా అల్యూమినాకి (సన్న రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్ పొడి) అది కలిపితే 10 శాతం నికెల్ క్యాటలిస్టు. అల్యూమినా ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పీల్చుకుంటుందో ముందే కొంచెం పొడి మీద చుక్కచుక్కగా పోసి చూడండి. ద్రావణం మొత్తం అంతే ఉండాలి. నీళ్లు పైన నిలిస్తే ఆరేటప్పుడు నికెల్ ఒకచోట ముద్ద కడుతుంది. 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 450కి పెంచి 4 గంటలు ఉంచండి. అప్పుడు గోధుమరంగు నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, కాబట్టి ఆ పని ఫ్యూమ్ హుడ్‌లోనే (విషవాయువులను బయటికి లాగే గది). ఎలక్ట్రోప్లేటింగ్ వాళ్ల దగ్గర నికెల్ సల్ఫేట్ చవకగా దొరుకుతుందని అది కొనకండి. సల్ఫేట్ 450 దగ్గర విడిపోదు. తర్వాత హైడ్రోజన్ తగలగానే అందులోని గంధకమే నికెల్‌ని చంపేస్తుంది.

10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న క్వార్ట్జ్ గొట్టంలో అర గ్రాము క్యాటలిస్టుని దానికి నాలుగైదు రెట్ల క్వార్ట్జ్ ఇసుకతో కలిపి నింపండి. ఇసుక ఎందుకంటే ఈ చర్య ఒక మోల్‌కి 165 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. ఇసుక లేకపోతే క్యాటలిస్టు పొరలో ఒకచోట వేడి ఎగబాకి నికెల్ రేణువులు అతుక్కుపోతాయి. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొన పొరలోనే ఉండాలి, కొలిమి మీద చూపించే అంకెను నమ్మొద్దు. ముందు నైట్రోజన్‌తో, సబ్బు నీళ్లతో లీకులు చూడండి. తర్వాత హైడ్రోజన్‌లో 500 డిగ్రీల దగ్గర 2 గంటలు క్షయకరణం చేసి (అంటే నికెల్ ఆక్సైడ్‌ని నికెల్ లోహంగా మార్చి), 300–350కి దించి నిమిషానికి 10 మి.లీ. కార్బన్ డయాక్సైడ్, 40 హైడ్రోజన్, 50 నైట్రోజన్ పంపండి.

ఐసులో నీళ్లు పట్టేశాక బయటికొచ్చే గ్యాసును సబ్బు బుడగ మీటరుతో కొలవండి. అంతా మీథేన్ అయితే 100 మి.లీ. 60కి తగ్గుతుంది. 68 వస్తే 32 తగ్గినట్టు, అంటే 80 శాతం మారినట్టు. ఇది తొలి అంచనాకే. కార్బన్ మోనాక్సైడ్ ఎంత పుట్టిందో గ్యాస్ క్రొమటోగ్రఫీ (గ్యాసులను విడదీసి కొలిచే పద్ధతి) లేకుండా తేలదు. 400 దాటితే అది పెరుగుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త ఇక్కడ: చల్లార్చేటప్పుడు 200 డిగ్రీల కిందికి దిగకముందే కార్బన్ డయాక్సైడ్ ఆపేసి నైట్రోజన్‌తో కడగండి. చల్లని నికెల్ మీద కార్బన్ మోనాక్సైడ్ చేరితే నికెల్ కార్బొనిల్ పుడుతుంది, ప్రాణాంతకమైన విషం. కార్బన్ మోనాక్సైడ్ అలారం బల్ల మీద ఉండాలి. వాడిన క్యాటలిస్టు గాలి తగిలితే అంటుకోవచ్చు. పూర్తిగా చల్లారాక గాలిని మెల్లగా వదలండి.

ఇక గ్యాసు సంగతి. సున్నపురాయి 100 కిలోలు కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే వస్తుంది. బొగ్గు మానేసినా అది ఆగదు, అందుకే సిమెంటుకి ఈ చదువు అవసరం. కానీ చిమ్నీ గ్యాసును నేరుగా గొట్టంలోకి పంపొద్దు. అందులోని ఆక్సిజన్ మీ హైడ్రోజన్‌ని కాల్చేస్తుంది, సల్ఫర్ డయాక్సైడ్ నికెల్‌ని పాడుచేస్తుంది. 15 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతా నైట్రోజన్ కలిపిన గ్యాసును 30 శాతం మోనోఇథనాలమైన్ (కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే అమైన్) ద్రావణంలో 40 డిగ్రీల దగ్గర బుడగలుగా పంపండి. 100 గ్రాముల ద్రావణం సిద్ధాంతరీత్యా 10.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటుంది, అంటే సుమారు 6 లీటర్లు. మరిగించి సగం రాబట్టగలిగినా 3 లీటర్లు, మీ రియాక్టరు 5 గంటలు నడుస్తుంది. ఆ గ్యాసు దారిలో నీటి ఆవిరిని పట్టే ఐసు ట్రాప్ పెట్టండి. ఇత్తడి, రాగి ఫిట్టింగులు వాడొద్దు, అమైన్ తినేస్తుంది.

రిపోర్టులో మాత్రం మీరు మొదట అనుకున్న మిథనాల్‌కి హైడ్రోజన్ లెక్క రాయండి. 1 టన్ను మిథనాల్‌కి 1.375 టన్నుల కార్బన్ డయాక్సైడ్, సుమారు 189 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ని నీళ్లలోంచి తీయడానికి సుమారు 10,000 యూనిట్ల కరెంటు పడుతుంది. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి 7 టన్నులు వదిలి 1.375 పట్టినట్టు. సోలార్ లాంటి, బొగ్గు కాల్చని కరెంటుతోనే లెక్క కుదురుతుంది. ఎలక్ట్రోలైజరుకి మన బోరు నీళ్లు పనికిరావు, లవణాలన్నీ తీసేసిన నీళ్లే పోయాలి.