పదమూడు ముక్కలాట, మూడు చట్టాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆన్‌లైన్ రమ్మీ గురించే. అద్దె ఒప్పందాలు, వీలునామాల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు. వాళ్లకు వచ్చే సంచికలో చెబుతాను.

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది పెరంబూరు. మా తమ్ముడు ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్. 2022 అక్టోబరులో ‘ఆన్‌లైన్ రమ్మీ బంద్’ అని పేపర్లో చదివి హమ్మయ్య అనుకున్నాను. ఆ డిసెంబరులోనే వాడు నాలుగు లక్షలు పోగొట్టుకున్నాడు. బంద్ అయిన ఆట ఎలా ఆడావురా అంటే, “ఎక్కడ బంద్ అయిందన్నా?” అని ఫోన్ తీసి చూపించాడు. చట్టం వచ్చాక కూడా ఆట ఎలా నడిచింది? అడ్డం పడింది ఎవరు?

జవాబు: మీ తమ్ముడు ఆ ఒక్క మాట మాత్రం నిజం చెప్పాడు బాబూ. ఆ డిసెంబరులో తమిళనాడులో ఆన్‌లైన్ జూదాన్ని ఆపే చట్టం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే క్యాలెండరు పక్కన పెట్టుకుని చదవండి.

మొదటి చట్టం అన్నాడీఎంకే వాళ్లది. పళనిస్వామి ముఖ్యమంత్రిగా ఉండగా 2020 నవంబరులో ఆర్డినెన్స్ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో, ఎన్నికలు నెత్తిమీద ఉండగా, దాన్ని చట్టం చేశారు. పందెం కాస్తే ఏ ఆటైనా తప్పే అన్నట్టు రాశారు. ఆగస్టు 3న మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి ప్రభుత్వం మారింది. డీఎంకే వాళ్లు 2022 జూన్‌లో రిటైర్డ్ జడ్జి చంద్రు గారితో కమిటీ వేసి, ఆయన నివేదిక మీద కొత్త ఆర్డినెన్స్ తయారుచేశారు. అక్టోబరు 1న గవర్నర్ ఆర్.ఎన్. రవి సంతకం పెట్టారు. మీరు పేపర్లో చూసింది అదే.

సంతకం పడితే సరిపోదు. ‘ఫలానా తేదీ నుంచి అమలు’ అని ప్రభుత్వం ప్రకటించాలి. అది ప్రకటించలేదు. గేమింగ్ కంపెనీలు హైకోర్టుకు వెళితే, ఇంకా అమల్లోకే రాలేదని సర్కారు తరఫునే చెప్పారు! బీజేపీ అన్నామలై ఈ పాయింటే పట్టుకుని, జీవో ఎందుకు వేయలేదని అడిగారు. ఆయన రాజకీయం ఆయనదే కానీ, ప్రశ్నలో తప్పు లేదు. బిల్లు ఎలాగూ వస్తోంది కదా అన్నది ప్రభుత్వం వైపు ధీమా.

అక్టోబరు 19న శాసనసభ బిల్లు పాస్ చేసింది. అది రాజ్‌భవన్‌కు వెళ్లి అక్కడే కూర్చుంది. సభ మళ్లీ కూడిన ఆరు వారాలకు ఆర్డినెన్స్ దానంతట అదే చచ్చిపోతుంది. ఆ లెక్కన నవంబరు 27 ఆఖరు. నవంబరు 24న గవర్నర్‌కు సందేహాలు వచ్చాయి. మర్నాడే ప్రభుత్వం జవాబిచ్చింది. అయినా 27 దాటిపోయింది. గడువుకు మూడు రోజుల ముందు సందేహం రావడం నాకేమీ కొత్త కాదు. ముప్పై ఎనిమిదేళ్లు హైకోర్టులో వాయిదాలు అడిగినదాన్ని, అడిగించుకున్నదాన్ని.

డిసెంబరు 1న న్యాయశాఖ మంత్రి రఘుపతి స్వయంగా వెళ్లి కలిసి వచ్చారు. ఫైలు కదల్లేదు. 2023 మార్చి 6న, ఈ చట్టం చేసే అధికారం మీ సభకు లేదంటూ గవర్నర్ బిల్లును వెనక్కి పంపారు. అదే విషయం మీద ఆర్డినెన్స్‌కు అక్టోబరులో సంతకం పెట్టింది ఎవరో పైన రాశాను. మళ్లీ చెప్పను. బెట్టింగ్, గ్యాంబ్లింగ్ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 34వ పద్దు.

మార్చి 23న సభ ఆ బిల్లునే మళ్లీ పాస్ చేసింది. తిరిగి పంపిన బిల్లు రెండోసారి వస్తే గవర్నర్ కాదనడానికి లేదు, 200వ అధికరణం అదే చెబుతుంది. ఏప్రిల్ 10న, బిల్లులు తేల్చడానికి గవర్నర్లకు గడువు పెట్టమని సభ తీర్మానం చేసింది. సంతకం పడిందన్న కబురూ ఆ రోజే వచ్చింది.

అడ్డం పడింది ఎవరని అడిగారు కదా. ఆట వద్దన్న విషయంలో ఏ పార్టీకీ పేచీ లేదు. పేచీ అంతా కలం ఎవరిదన్నదాని మీదే. రాజ్‌భవన్‌ది పెద్ద తప్పు, జీవో వేయని వాళ్లది చిన్న తప్పు. మీ తమ్ముడి నాలుగు లక్షలు ఆ రెండింటి మధ్య పోయాయి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని, పురసవాక్కంలో ఉంటాను. రమ్మీ జూదం కాదు, తెలివితేటల ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందని మా అల్లుడు వాదిస్తాడు. నిజమేనా?

జవాబు: నిజమే మాస్టారూ. పైగా ఆ కేసు మన తెలుగువాళ్లదే! సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపింది. తీర్పు 1967లో వచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకని రమ్మీలో నేర్పే ప్రధానం అన్నారు. మూడు ముక్కలాట అలాంటిది కాదని కూడా అందులోనే ఉంది. ఇన్నేళ్లుగా రమ్మీ కంపెనీలన్నీ కోర్టుకు తెచ్చే తాయెత్తు ఆ తీర్పే.

అయితే మీ అల్లుడు గారిని ఇంకాస్త కిందికి చదవమనండి. పందెం కాసిన ఆట మీద క్లబ్బు లాభం తీసుకుంటుంటే అప్పుడు నేరం అవ్వొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. మరి యాప్ ప్రతి ఆటలోనూ తన కమీషన్ తీసుకున్నాకే కదా గెలిచినవాడికి ఇచ్చేది?

పైన చెప్పిన తమిళనాడు చట్టానికి చివరికి ఈ తీర్పే తగిలింది. 2023 నవంబరు 9న హైకోర్టు చట్టాన్ని నిలబెట్టి, నిషేధపు జాబితాలోంచి రమ్మీని, పోకర్‌ని తీసేసింది. సమయం, వయసు లాంటి వాటి మీద నియమాలు పెట్టుకోవచ్చంది. అలా 2025 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి: పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు ఆడకూడదు, ఆధార్ చూపాలి, రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదు దాకా ఆట కట్టేయాలి. జూన్‌లో హైకోర్టు వాటిని సమర్థించింది.

ఆ సంగతి తంబుచెట్టి వీధిలో మా పాత ఆఫీసు గుమాస్తాకు చెప్పాను. ఒకప్పుడు వాల్‌టాక్స్ రోడ్డులో ప్రతి శుక్రవారం లాటరీ టికెట్ కొనేవాడు. 2003లో జయలలిత లాటరీలు రద్దు చేస్తే నాలుగు రోజులు ముభావంగా తిరిగి మానేశాడు. లాక్‌డౌన్‌లో వాళ్లబ్బాయి రమ్మీలో పడ్డాడు. అర్ధరాత్రి లేచి చూస్తే దుప్పటి కింద వెలుతురు కనిపించేదట. నియమం విని ఆయన అడిగింది ఒకటే: “ఐదు గంటలు ఆపితే, మిగతా పంతొమ్మిది గంటల సంగతేంటమ్మా?” నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: అన్నాడీఎంకే, డీఎంకే, బీజేపీ, ముగ్గురూ మేమే ఆపామంటున్నారు. క్రెడిట్ ఎవరిది? (టి. నగర్)

జవాబు: పనిచేసిన దెబ్బ ఢిల్లీది. ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించే కేంద్ర బిల్లును 2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టి, గోలలోనే, చర్చ లేకుండా, ఆ రోజే పాస్ చేశారు. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. ఇక్కడ రాజ్‌భవన్ ఒక్కటే నాలుగు నెలలకు పైగా తీసుకున్న పని అక్కడ మూడు రోజుల్లో అయింది. నేర్పా, అదృష్టమా అన్న గొడవే లేదు, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. మద్రాసు హైకోర్టు 2021లో తప్పన్నది దాదాపు ఈ పద్ధతినే. కంపెనీల సవాలు సుప్రీంకోర్టుకు చేరింది.

ఇంకో తమాషా. 2023 అక్టోబరు నుంచి ఇవే ఆటల మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేశారు. అన్ని రాష్ట్రాలూ కూర్చునే కౌన్సిల్ నిర్ణయమే అది. నిషేధించిన నెల తిరగ్గానే దాన్ని 40 శాతం చేశారు. క్రెడిట్ ఎలా పంచుకుంటారో వాళ్ల ఇష్టం.

ప్రశ్న: అమ్మా, మాది వేళచ్చేరి. మా అబ్బాయి ఇప్పటికీ ఏదో యాప్‌లో డబ్బు పెట్టి ఆడుతున్నాడు. వాడిని జైల్లో పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. పోయిన డబ్బు వస్తుందా?

జవాబు: కేంద్ర చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష లేదమ్మా. ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, యాభై లక్షలు. తమిళనాడు చట్టంలో మాత్రం ఆన్‌లైన్ జూదం ఆడినవాళ్లకూ మూడు నెలల జైలో, ఐదు వేల జరిమానానో, రెండూనో పడొచ్చు.

సంతకం పడిన ఆ వారంలోనే పేరున్న కంపెనీలన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి. కాబట్టి మీవాడు ఇప్పుడు ఆడుతున్నది ఎక్కడో దొంగచాటుగా నడిచేదే అయ్యుంటుంది. అక్కడ గెలిచినా చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. ఆడి ఓడిన డబ్బు మీద ఆశ వదులుకోండి. గెలిచింది ఇవ్వకుండా ఇంకా కట్టమంటున్నారంటే అది మోసం కింద లెక్క, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ముందు వాడి బ్యాంకు స్టేట్‌మెంట్ ఆరు నెలలది తెప్పించి, లోన్ యాప్‌ల నుంచి వచ్చిన జమలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కాగితాలు జిరాక్స్ తీసి నాకు పంపండి.