బయోసెన్సర్ల డిగ్రీలో చేరాలా?

ప్రశ్న: జీవకణాలతో రోగాలు కనిపెట్టే బయోసెన్సర్ల మీద ప్రత్యేక డిగ్రీ చేస్తానని మా అమ్మాయి పట్టుబడుతోంది. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదవమని నేనంటున్నాను. ఏది మేలు? రేపు ఉద్యోగం రాకపోతే?
– ఒక తండ్రి

జవాబు: మీ అసలు భయం ఆ చివరి మాటలోనే ఉంది. కణాల పెంపకం, ఎలైజా (నమూనాలోని ప్రోటీన్లను రంగు మార్పుతో కొలిచే పరీక్ష), ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో పరీక్షించడం) చేతికొచ్చినవాళ్ల అవసరం డయాగ్నస్టిక్ ల్యాబులకూ, కిట్లు, వ్యాక్సిన్లు తయారుచేసే కంపెనీలకూ ఉంటుంది. అమ్మాయి చదువు వృథా పోదు, ధైర్యంగా ఉండండి.

నా అనుమానమల్లా ఆ డిగ్రీ పేరు మీదే. మూత్రంలో గ్లూకోజ్‌ని పసిగట్టేలా జన్యువులు మార్చిన ఇ.కోలై బ్యాక్టీరియా, ఎలుకల కాలేయంలో క్యాన్సర్ గడ్డల జాడ చెప్పే ఇ.కోలై 2015లోనే వచ్చాయి. పందుల పొట్టలో రక్తస్రావాన్ని గుర్తించే బ్యాక్టీరియా క్యాప్సూల్ 2018లో వచ్చింది. ఇవేవీ ఇంకా ఆసుపత్రుల్లో రోజువారీ పరీక్షలు కాలేదు. బ్యాచ్ మారితే కణాల స్పందన మారుతుంది. నిల్వలో కణాలు చచ్చిపోతాయి. రోగి యాంటీబయాటిక్ వాడుతుంటే బ్యాక్టీరియా పనిచేయకపోవచ్చు. జన్యుమార్పిడి జీవి కాబట్టి అనుమతులూ కష్టమే. ఇంత చిన్న రంగం పేరును మొదటి డిగ్రీకే తగిలించుకోవడం తొందరపాటు.

నిజంగా వాడుకలో ఉన్నది చూడండి. క్షయ క్రిమి సోకిందా అని చూసే ఇగ్రా అనే రక్తపరీక్షలో రోగి టి కణాలే (రోగనిరోధక తెల్లరక్తకణాలే) సెన్సర్. ఈ రకం పరీక్ష కిట్ అయిన క్వాంటిఫెరాన్ ప్లస్‌లో నాలుగు ట్యూబులు, ఒక్కోదాంట్లో 1 మి.లీ. రక్తం. లోపలి గోడకు పూసిన పదార్థం కరిగేలా 10 సార్లు కుదిపి, 37 డిగ్రీల దగ్గర 16–24 గంటలు ఉంచి, టి కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌ను కొలుస్తారు. ఇంక్యుబేటర్‌లో పెట్టడం ఆలస్యమైతే కణాలు నీరసిస్తాయి. టి కణాలు పనిచేస్తున్నాయా అని చూసే మైటోజెన్ ట్యూబ్‌లోనే స్పందన లేనప్పుడు, క్షయ క్రిమి ప్రోటీన్ ముక్కలుండే యాంటిజెన్ ట్యూబులూ స్పందించకపోతే ‘నెగటివ్’ అని రాయకూడదు, ఫలితం తేలలేదనే రాయాలి. అలర్జీకి చేసే బేసోఫిల్ (ఒక రకం తెల్లరక్తకణం) పరీక్షా ఇంతే: కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపే ఇడిటిఎ ట్యూబ్‌లో తీసిన రక్తానికి కాల్షియం తిరిగి కలపకపోతే కణం పలకదు. అందుకే చాలాచోట్ల కాల్షియాన్ని అలా పట్టేయని హెపారిన్ ట్యూబ్ వాడతారు.

ఈ పనితనం మీరు చెప్పిన కోర్సులో వస్తుంది, ఉద్యోగమూ త్వరగా వస్తుంది. కొత్త సెన్సర్‌ని తయారుచేయాలంటే మాత్రం మాలిక్యులర్ బయాలజీ, స్టాటిస్టిక్స్ లోతుగా కావాలి. దానికి మైక్రోబయాలజీయో బయోటెక్నాలజీయో చదివి, సెన్సర్లను పీజీలో ఎంచుకోవాలి.

ఒకటి మాత్రం గట్టిగానే చెబుతాను. కణాలతో తను ఏం చేయాలనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడగకుండానే తీర్పు చెప్పేశారు. ముందు అడగండి. తర్వాత ఇద్దరూ కలిసి కాలేజీ ల్యాబ్ చూడండి: బయోసేఫ్టీ క్యాబినెట్ (కణాలతో సురక్షితంగా పనిచేసే, గాలిని వడగట్టే పెట్టె) ముందు విద్యార్థులే కూర్చుంటున్నారా, దూరంగా నిలబడి డెమో చూస్తున్నారా?