పారేసే ముక్కలో తప్పుంటే ప్రొటీన్‌కు ఏమవుతుంది?

ప్రశ్న: మా బాబుకు బీటా తలసీమియా మేజర్. డీఎన్‌ఏ రిపోర్టులో జన్యువు రెండు కాపీల్లోనూ ‘ఐవీఎస్ 1-5 (జి→సి)’ అని ఉంది. అది ఇంట్రాన్‌లో మార్పు అన్నారు. ఇంట్రాన్‌ను కత్తిరించి పారేస్తారని ఇంటర్‌లో చదివాను. పారేసే ముక్కలో ఒక్క అక్షరం మారితే ఇంత జబ్బు ఎలా వస్తుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చదివింది నిజమే. అయితే ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు ఆ పారేసే ముక్క మొదట్లోనే ఉంటుంది. మీ బాబులో చెడింది ఆ గుర్తే.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో మూడు ఎక్సాన్లు (ఉంచుకునే ముక్కలు), వాటి మధ్య రెండు ఇంట్రాన్లు ఉంటాయి. కణం ముందు మొత్తాన్నీ ఆర్‌ఎన్‌ఏగా రాసుకుని, తర్వాత ఇంట్రాన్లు తీసేసి ఎక్సాన్లను అతికిస్తుంది. మొదటి ఎక్సాన్‌లో ప్రొటీన్‌కు పనికొచ్చే అక్షరాలు 92. ఆ వెంటనే 130 అక్షరాల ఇంట్రాన్. కొన్ని ల్యాబ్‌లు ఇదే మార్పును ‘సి.92+5 జి>సి’ అని రాస్తాయి, అంటే 92వ అక్షరం దాటాక అయిదోది. ఇంకో రిపోర్టులో అలా కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే.

కత్తిరించే చోటును పట్టుకునేది కూడా ఆర్‌ఎన్‌ఏనే. యూ1 అనే 164 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ తన మొదటి కొసతో ఆ గుర్తుకు జతకడుతుంది. గుర్తులోని అయిదో అక్షరం జి, యూ1లోని సితో కలుస్తుంది. జి స్థానంలోనూ సి వస్తే ఆ జత కుదరదు, పట్టు సడలుతుంది. అప్పుడు ఆ గుర్తును పోలిన పక్క చోట్ల కోత పడుతుంది. వాటిలో రెండు మొదటి ఎక్సాన్‌లోనే ఉన్నాయి: అసలు చోటుకు 16 అక్షరాల ముందు ఒకటి, 38 అక్షరాల ముందు మరొకటి.

16నీ 38నీ మూడుతో భాగించి చూడండి, శేషం మిగులుతుంది. ప్రొటీన్‌ను అల్లే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను చదివేది మూడేసి అక్షరాల చొప్పున. కాబట్టి కోత పడిన దగ్గర్నుంచి ప్రతి పదమూ తప్పుతుంది. రెండో ఎక్సాన్‌లోనే ‘ఆపు’ అని చెప్పే పదం ‘యూజీఏ’ తగులుతుంది. దానికి అమైనో ఆమ్లం తెచ్చే టీఆర్‌ఎన్‌ఏ ఉండదు, గొలుసు అక్కడే ఆగిపోతుంది. ఇలాంటి చెడ్డ ఎంఆర్‌ఎన్‌ఏను కణం చాలావరకు తనే నాశనం చేస్తుంది కూడా. బీటా గొలుసులు లేక మిగిలిపోయిన ఆల్ఫా గొలుసులు గడ్డకట్టి, మూలుగలో ఎదుగుతున్న ఎర్రకణాలను చంపేస్తాయి. రక్తహీనతకు పెద్ద కారణం ఇదే.

కొన్ని ప్రతులు సరిగ్గానే కత్తిరింపు అవుతాయి, అందుకే దీన్ని ‘బీటా ప్లస్’ అంటారు. కానీ అవి చాలా తక్కువ. రెండు కాపీల్లోనూ మార్పున్న పిల్లలకు సాధారణంగా రక్తం ఎక్కించక తప్పదు.

మళ్లీ గర్భం వస్తే బిడ్డకు ఇదే జబ్బు వచ్చే అవకాశం ప్రతిసారీ నాలుగింట ఒక వంతు ఉంటుంది. 11వ వారంలో మాయ ముక్క తీసి పరీక్ష చేస్తారు. అప్పుడు ఈ రిపోర్టు తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఏ అక్షరం వెతకాలో ల్యాబ్‌కు దానివల్లే తెలుస్తుంది. మీ ఇద్దరి తోబుట్టువులకూ హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించండి. 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ (ఒక్క కాపీలోనే మార్పున్నవారు) అని అర్థం. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె తగ్గి కనిపిస్తుంది కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడమనండి.